యాంటీబాడీ చూపు, 3వ పాఠం: పోలికలున్న హార్మోన్లు

పోయిన పాఠంలో అడిగిన ప్రశ్న: హెచ్‌సీజీ (గర్భం వచ్చినప్పుడు తయారయ్యే హార్మోన్)లోని ఆల్ఫా గొలుసును పట్టుకునే యాంటీబాడీ (ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) ఒక్కదాన్నే నమ్ముకుని ప్రెగ్నెన్సీ టెస్ట్ తయారుచేస్తే? ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ అనే వేరే హార్మోన్లు కూడా దానికి చిక్కుతాయి. నాలుగింటికీ ఆల్ఫా గొలుసు ఒకటే, 92 అమైనో ఆమ్లాలు. తేడా బీటా గొలుసులో ఉంది. హెచ్‌సీజీ బీటాలో 145, ఎల్‌హెచ్ బీటాలో 121 అమైనో ఆమ్లాలు. ఎక్కువగా ఉన్న ఆ 24 హెచ్‌సీజీకి తోకలా ఉంటాయి. యాంటీబాడీ హార్మోన్ మొత్తాన్ని చూడదు, దాని ఒంటి మీద ఒక చిన్న చోటునే తడుముతుంది. ఆ చోటు తోక మీద పడితే ఎల్‌హెచ్ చిక్కదు.

ఇప్పుడు చిన్న అణువుల సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే హార్మోన్), ప్రెడ్నిసొలోన్ (దాన్ని పోలిన మందు) బొమ్మలు పక్కపక్కనే గీయండి. మొదటి వలయంలో 1, 2 కార్బన్ల మధ్య ఒక్క డబుల్ బాండ్, అంతే తేడా. కార్టిసాల్ ఒంటరిగా యాంటీబాడీలను పుట్టించలేదు, మరీ చిన్నది. అందుకని దాన్ని ఒక పెద్ద ప్రొటీన్‌కి కడతారు, చాలాసార్లు 3వ కార్బన్ దగ్గర. కట్టిన వైపు మరుగున పడిపోతుంది. తేడా ఉన్నదీ ఆ వైపే! యాంటీబాడీకి కనిపించే అవతలి కొస రెండింటికీ ఒకటే. అందుకే ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవారి కార్టిసాల్ రిపోర్టు ఎక్కువగా రావచ్చు. కాబట్టి ఏ యాంటీబాడీ గురించైనా ముందు అడగాల్సింది, హార్మోన్‌ని ఎక్కడ కట్టారు అని.

ఈ పొరపాటును కొలిచే లెక్క తేలికే. కొలవడానికి వీలుగా గుర్తు తగిలించి యాంటీబాడీకి అంటించిన కార్టిసాల్‌ని దాని నుంచి సగం తప్పించడానికి మామూలు కార్టిసాల్ 10 నానోగ్రాములు, ప్రెడ్నిసొలోన్ 40 నానోగ్రాములు కావాలనుకుందాం. 10ని 40తో భాగించి 100తో గుణిస్తే 25. అంటే క్రాస్ రియాక్టివిటీ (వేరే అణువును పొరపాటున పట్టుకునే గుణం) 25 శాతం.

శాతం చిన్నదైతే టెన్షన్ లేదనుకోకండి. రెండో హార్మోన్ రక్తంలో ఎంత ఉందో కూడా చూడాలి. ఈ లెక్క చేసి చూడండి: ఒక స్త్రీ రక్తంలో మిల్లీలీటరుకు టెస్టోస్టిరాన్ 0.3 నానోగ్రాములు, డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే మరో హార్మోన్ 2000 నానోగ్రాములు. టెస్టోస్టిరాన్ యాంటీబాడీకి దానితో క్రాస్ రియాక్టివిటీ 0.01 శాతమే. టెస్టోస్టిరాన్ రిపోర్టులో ఎంత పడుతుంది? జవాబుతో 4వ పాఠం మొదలుపెడదాం.