అప్‌డేట్ అయ్యాక గూగుల్ పోయి యాహూ వస్తోందా? ఫార్మాట్ కొట్టేముందు ఇవి చూడండి

బ్రౌజర్ అప్‌డేట్ అయిన మర్నాడు ఏం వెతికినా గూగుల్ బదులు యాహూనో, బింగో, ఎప్పుడూ పేరు వినని ఇంకేదో సెర్చ్ పేజీనో తెరుచుకుంటుంటే అందరూ మొదట తిట్టేది అప్‌డేట్‌నే. అనుమానం సహజమే గానీ ఎక్కువసార్లు దొంగ వేరే ఉంటాడు. 2021 సెప్టెంబరులో క్రోమ్ నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది, మధ్యలో వచ్చే చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లు వేరే, అంటే మీ సిస్టమ్‌లో ఏది మారినా దానికి కాస్త ముందో వెనకో ఒక అప్‌డేట్ ఉండనే ఉంటుంది. పైగా అప్‌డేట్ కోసం బ్రౌజర్ మూసి మళ్ళీ తెరిచినప్పుడే, పోయిన వారం ఏదో ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాటు తెలియకుండా ఎక్కించుకున్న చెత్త కూడా పని మొదలుపెడుతుంది. నింద మాత్రం అప్‌డేట్ మీద పడుతుంది.

నిజంగా అప్‌డేట్‌తోనే మారిన సందర్భం లేకపోలేదు. 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, యాహూతో ఒప్పందం చేసుకుని ఫైర్‌ఫాక్స్ 34 నుంచి అమెరికాలో గూగుల్‌ను పక్కనపెట్టి యాహూను డీఫాల్ట్, అంటే మనం ఏదీ ఎంచుకోకపోయినా దానంతటదే వచ్చే సెర్చ్ ఇంజిన్, చేసింది. అక్కడున్న మనవాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో మళ్ళీ గూగుల్ వచ్చింది. ఈ డీఫాల్ట్ అనే కుర్చీకి ఎంత గిరాకీ అంటే, యాపిల్ బ్రౌజర్ సఫారీలో తన సెర్చ్ ఉంచినందుకు 2022లో యాపిల్‌కి గూగుల్ ఇచ్చింది 20 బిలియన్ డాలర్లని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. పెద్ద కంపెనీలు కాగితాల మీద సంతకాలు పెట్టి చేసే ఈ వ్యాపారాన్నే చిన్న చిన్న ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే బుల్లి ప్రోగ్రాముల) వాళ్ళు మీ కంప్యూటర్‌లో దొడ్డిదారిన చేస్తారు. మీ ప్రతి సెర్చ్‌నీ తమ పేజీ మీదుగా పంపి, ప్రకటనల డబ్బులో వాటా తీసుకుంటారు.

కాబట్టి ముందు చిన్న పరీక్ష. అడ్రస్ బార్‌లో ఏదో ఒకటి, "విజయవాడ వాతావరణం" అనుకోండి, కొట్టి ఎంటర్ నొక్కి, కళ్ళు ఫలితాల మీద కాకుండా అడ్రస్ బార్ మీదే పెట్టండి. నేరుగా యాహూకో బింగ్‌కో వెళ్ళిందా, లేక తెలియని పేరేదో ఒక క్షణం కనిపించి ఆ తర్వాత అక్కడికి చేరిందా? నేరుగా వెళ్తే అది చాలావరకు సెట్టింగ్ మారడం, రెండు నిమిషాల పని: సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ అనే చోటికెళ్ళి గూగుల్ ఎంచుకుంటే సరిపోతుంది. మధ్యలో ఇంకో పేరు కనిపిస్తే కింద చదవండి.

"తెలియని పేరు మెరిసి, యాహూలో తేలుతోంది"

కారణం దాదాపుగా ఎక్స్‌టెన్షనే. పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్, కొత్త ట్యాబ్‌లో అందమైన వాల్‌పేపర్లు, కూపన్లు వెతికిపెట్టేవి, ఎక్కువగా ఈ వేషాల్లోనే వస్తాయి. ఇలా ఏదైనా సెర్చ్‌ను మార్చినప్పుడు క్రోమ్ ఒక పెట్టె చూపించి "మార్పు ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా" అని అడుగుతుంది కూడా, కానీ మనం ఆ టైమ్‌లో రైలు టికెట్ బుక్ చేసే హడావుడిలో ఉంటాం, అడ్డొచ్చింది కదా అని చేతికి దొరికిన బటన్ నొక్కేస్తాం.

సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ పేజీ తెరవండి. ఏదైనా ఎక్స్‌టెన్షన్ దాన్ని పట్టుకుని ఉంటే, ఫలానాది దీన్ని కంట్రోల్ చేస్తోందని క్రోమే అక్కడ రాసి, పక్కనే డిజేబుల్ బటన్ ఇస్తుంది. పేరు దొరికింది కదా, డిజేబుల్‌తో ఊరుకోకుండా ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళి పూర్తిగా తీసేయండి. అక్కడ ఏమీ రాయకపోతే అన్నీ ఆఫ్ చేసి ఒకసారి వెతికి చూడండి, బాగుంటే ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి, ఏది ఆన్ చేసినప్పుడు మళ్ళీ యాహూ వచ్చిందో అదే. నిజం చెప్పాలంటే ఆఫ్ చేసినవాటిలో సగం మళ్ళీ ఆన్ చేయాల్సిన అవసరమే ఉండదు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్ళకే రెండ్రోజుల్లో మళ్ళీ అదే సమస్య వస్తుంది. ఆ ఎక్స్‌టెన్షన్‌ను తెచ్చిపెట్టిన ప్రోగ్రామ్ విండోస్‌లోనే కూర్చుని ఉండొచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్స్ లిస్టు తెరిచి తేదీ వారీగా పేర్చండి, గొడవ మొదలైన రోజుల్లో ఎక్కినవి, మీరు ఎక్కించినట్టు గుర్తులేనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత సింక్, అంటే ఒకే అకౌంట్ వాడే కంప్యూటర్లన్నిట్లో క్రోమ్ సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు ఒకేలా ఉంచే ఏర్పాటు. అదే జీమెయిల్‌తో ఇంకో కంప్యూటర్‌లో క్రోమ్ వాడుతుంటే, అక్కడా అదే ఎక్స్‌టెన్షన్ ఉంటే, అటు నుంచి ఇటు మళ్ళీ రావచ్చు. రెండు చోట్లా సింక్ ఆపి, రెండూ శుభ్రం చేసి, అప్పుడు ఆన్ చేయండి. డెస్క్‌టాప్ మీదున్న క్రోమ్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ కూడా చూడండి, మామూలుగా అయితే ఏదో ఒక డాట్ ఈఎక్స్ఈ దగ్గర ఆగాలి, దాని వెనక ఏదైనా వెబ్‌సైట్ అడ్రస్ తగిలించి ఉంటే చెరిపేయండి.

"ఇంట్లో సిస్టమే, కానీ 'మీ సంస్థ మేనేజ్ చేస్తోంది' అని వస్తోంది"

ఆఫీసు లాప్‌టాప్ అయితే అది మామూలే, ముట్టుకోకండి, సెర్చ్ మార్చాలంటే ఐటీ వాళ్ళనే అడగండి. సొంత కంప్యూటర్‌లో వస్తే మాత్రం ఎవరో పాలసీ, అంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌ను మీరు మార్చకుండా బిగించే నియమం, పెట్టారన్నమాట. కంపెనీల కోసం ఇచ్చిన ఈ సౌకర్యాన్ని హైజాకర్లు, అంటే మీ సెర్చ్‌ను దారి మళ్ళించేవాళ్ళు, వాడుకుంటారు, అప్పుడు సెర్చ్ ఇంజిన్ మార్చే బటన్ పనిచేయదు, ఎక్స్‌టెన్షన్ తీసేసే బటన్ కూడా కనపడదు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీలు పెడతాయి కాబట్టి ఆ మాట చూడగానే టెన్షన్ పడొద్దు.

అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత పాలసీ అని కొట్టండి. వచ్చే లిస్టులో డీఫాల్ట్ సెర్చ్ ప్రొవైడర్ అని మొదలయ్యేవి గానీ, ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ గానీ ఉంటే సమస్య అక్కడే. బ్రౌజర్ రీసెట్ కొడితే ఇవి పోవు, చాలామంది గంటలు వృథా చేసేది ఇక్కడే. ముందు పైన చెప్పినట్టు అనుమానం ఉన్న ప్రోగ్రాములు తీసేసి, విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టండి. ఆ తర్వాతే రిజిస్ట్రీ ఎడిటర్, అంటే విండోస్ లోలోపలి సెట్టింగ్స్ మార్చే ప్రోగ్రామ్. లోకల్ మెషిన్ కింద సాఫ్ట్‌వేర్, అందులో పాలసీస్, అందులో గూగుల్, అందులో క్రోమ్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, అప్పుడు డిలీట్ చేయండి. కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో ఉందేమో చూడండి. పాలసీ పేజీకి తిరిగొచ్చి రీలోడ్ కొడితే లిస్టు ఖాళీగా రావాలి. రిజిస్ట్రీ అంటే భయమైతే తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి, తప్పులేదు.

"ఎడ్జ్‌లో గూగుల్ పెట్టాను, అయినా బింగే వస్తోంది"

ఇక్కడ దొంగ ఎవరూ లేరు. విండోస్‌తో వచ్చే బ్రౌజర్ ఎడ్జ్‌లో అడ్రస్ బార్ వేరు, కొత్త ట్యాబ్ మధ్యలో ఉండే పెట్టె వేరు, మీరు మార్చింది మొదటిదాన్ని, టైప్ చేస్తోంది రెండోదాంట్లో. సెట్టింగ్స్‌లో అడ్రస్ బార్, సెర్చ్ అని ఉన్నచోట, కొత్త ట్యాబ్‌లో వెతికితే ఏది వాడాలి అని అడిగే ఆప్షన్ ఉంటుంది, అందులో అడ్రస్ బార్ ఎంచుకోండి. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత "సెటప్ పూర్తి చేద్దాం" అంటూ నీలం తెరలు వస్తాయి చూడండి, వాటిలో సిఫారసు చేసిన బ్రౌజర్ సెట్టింగ్స్ వాడమని ఒకటి ఉంటుంది. దానికి సరే అంటే ఎడ్జ్, బింగ్ మళ్ళీ కుర్చీ ఎక్కుతాయి. మార్చొద్దు అన్నది ఎంచుకోండి.

స్టార్ట్ మెనూలో వెతికితే మాత్రం మీ డీఫాల్ట్ ఏదైనా ఎడ్జ్‌లో బింగే తెరుచుకుంటుంది. ఐరోపా దేశాల్లో డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల దీన్ని మార్చుకునే వీలు వచ్చింది. మనం బ్రౌజర్ తెరిచి వెతుక్కోవడమే.

"మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ అప్‌డేట్ చేయండి" అని ఏదో వెబ్‌సైట్‌లో వస్తోంది

నొక్కొద్దు. ఏ బ్రౌజరూ వెబ్‌పేజీలో నుంచి అప్‌డేట్ అవ్వదు. అనుమానం ఉంటే మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్, అక్కడ అప్‌డేట్ ఉంటే దానంతటదే దిగుతుంది. ఇప్పటికే నొక్కి ఫైలు దించేసుంటే, తెరవకుండా డిలీట్ చేయండి. తెరిచేసుంటే ఇది సెర్చ్ మారడం కన్నా పెద్ద సంగతి, స్కాన్ చేయించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి.

ఫోన్‌లో అయితే క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ మార్చితే క్రోమ్ ఒక్కదానికే వర్తిస్తుంది, హోమ్ స్క్రీన్ మీదున్న పెట్టె ఇంకో యాప్‌ది. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 1337.76 కోట్ల జరిమానా వేశాక, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే అవకాశం ఇస్తామని ఆ కంపెనీ చెప్పింది. కొత్త ఫోన్ సెటప్‌లో ఆ తెర వస్తే నెక్స్ట్ నెక్స్ట్ అని దాటేయకుండా ఒకసారి చదవండి.

ఈ గొడవంతా ఎందుకు, అప్‌డేట్లే ఆపేద్దాం అనుకునేవాళ్ళు కొందరుంటారు. అది మాత్రం చేయకండి. విండోస్ 7 సిస్టమ్‌ల మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, సెక్యూరిటీ లోపాలు బయటపడుతున్నా అక్కడ సరిచేసేవాళ్ళు లేరు, అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు సైట్ తెరవడం మంచిది కాదు.

ఇవన్నీ చేసినా కుదరకపోతే క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆఫ్ అవుతాయి, కుకీలు చెరిగిపోతాయి కాబట్టి సైట్లన్నిట్లో మళ్ళీ లాగిన్ అవ్వాలి. ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గర పెట్టుకుని కొట్టండి.