గోల్కొండ నీడలో హంతకుల ప్రేమ నవలిక ఎలా రాయాలి?

ముందు ఒక ఉదయం గోల్కొండ కోటకు వెళ్లండి. ప్రవేశ ద్వారం దగ్గరి గుమ్మటం కింద స్నేహితుణ్ని నిలబెట్టి, మీరు మెట్లెక్కి కోట శిఖరాన ఉన్న బాలా హిస్సార్ చేరాక చప్పట్లు కొట్టమనండి. దాదాపు కిలోమీటరు దూరం నుంచి ఆ చప్పుడు మీకు వినిపిస్తుంది. ఎవరో వస్తున్నారని పైవారికి తెలియజేయడానికే ఆ ఏర్పాటు అంటారు. ఇక ఆలోచించండి: ఇంత చెవులున్న కోటలోకి చప్పుడు లేకుండా రావలసిన కుర్రవాడు ఎవరు? పైన కూర్చుని వినవలసిన అమ్మాయి ఎవరు? మీ ప్రధాన పాత్రలు దొరికినట్టే.

తరువాత కథలోకి మాయ రావాలి. ఒక్క మాయాశక్తి చాలు, కానీ దానికి వెల ఉండాలి. ఆ అమ్మాయికి దూరాన ఉన్న మనిషి గుండె చప్పుడు వినిపిస్తుందనుకుందాం. విన్న ప్రతిసారీ ఆమె జ్ఞాపకంలోంచి ఒక గొంతు చెరిగిపోతుంది. అమ్మ పాడిన జోల ఎప్పుడు పోతుందో ఆమెకు తెలియదు. ఈ భయం మొదటి అధ్యాయంలోనే పాఠకుడికి అంటాలి.

హత్యను తేలికగా రాయకండి. 1543లో కుతుబ్ షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ప్రార్థనలో ఉండగా హతుడయ్యాడు. కుట్ర వెనుక ఉన్నది కొడుకు జంషీద్. ఒక అన్నకు కళ్లు పోయాయి. తమ్ముడు ఇబ్రహీం విజయనగరానికి పారిపోయి, 1550లో తిరిగివచ్చి రాజయ్యాడు. పేర్లు మార్చి మీ సొంత రాజ్యం కట్టుకోండి, పర్యవసానాలను మాత్రం వదలకండి. మీ పాఠకులు పదిహేనేళ్లవాళ్లయితే నెత్తుటి వర్ణన అక్కరలేదు. ఆ రాత్రి ఎవరి అన్నం చల్లారిపోయిందో చెప్పండి.

ఇప్పుడు ప్రేమ. ఇక్కడ తొందర పడితే అంతా పోతుంది. చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్కగాజులు చేసే చోట కాసేపు నిలబడండి. నిప్పుల వేడికి మెత్తబడిన లక్కను చల్లారేలోపే గాజుగా మలచాలి. చప్పుడు లేకుండా రావలసిన ఆ కుర్రవాడే మన హంతకుడు, గాజుల పనివాడి వేషంలో వస్తాడు. అబద్ధాలు చెబుతున్నంతసేపూ అతని గుండె నిలకడగానే కొట్టుకుంటుంది. ఆమె చేతికి గాజు తొడిగేటప్పుడు మాత్రం లయ తప్పుతుంది. ఆమెకు వినిపించిందని అతనికి తెలియదు. ఇలాంటి ఘట్టాలు మూడు నాలుగు రాయండి. ప్రతి దానిలో ఆమె ఒక గొంతును పోగొట్టుకుంటూనే ఉండాలి.

దగ్గరితనాన్ని కొలవడానికి తెలుగు మనకు ఒక గొప్ప సాధనం ఇచ్చింది: మీరు, నువ్వు. నవలికలో ముప్పావు వంతు వరకు ఇద్దరూ ‘మీరు’ అనే అనుకోవాలి. ఒక రాత్రి కావలివాళ్లు చుట్టుముట్టినప్పుడు, ‘నువ్వు వెళ్లిపో’ అని ఆమె నోట అప్రయత్నంగా రావాలి. ‘ప్రేమిస్తున్నాను’ అనే మాట ఇక ఎక్కడా అవసరం పడదు.

నిడివి గురించి: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారాల లెక్కలో నవలిక అంటే 17,500 నుంచి 40,000 పదాలు. తెలుగులో ఒక్క మాటే వాక్యమంత పని చేస్తుంది కాబట్టి దిగువ అంకెకు దగ్గరగా ఆగినా నిండుగానే ఉంటుంది.

రాయడం పూర్తయ్యాక సంభాషణలన్నీ పైకి చదవండి. నోరు తడబడిన చోట తిరగరాయండి. ముగింపు మీ ఇష్టం. నాకైతే చివరి పేజీలో గుమ్మటం కింద నిలబడి అతనే చప్పట్లు కొట్టాలని ఉంది, వచ్చానని ఆమెకు తెలిసేలా.