తలుపులన్నీ మూసినా బాత్‌రూమ్‌లో పాము: ఎక్కడ వెతకాలి, ఏం బిగించాలి

ఉదయగిరి వైపు వెలికొండల కింద గానీ, సముద్రం దగ్గర సరుగుడు తోటల్లో గానీ గేటెడ్ కాలనీలో ఉంటే పాము కంటపడటం వింతేమీ కాదు. ఆవరణలో తిరిగేది దాని దారిన అది పోతుంది. ఇంట్లోకి వస్తోందంటే మాత్రం ఎక్కడో సందు ఉంది. ఫినాయిల్, వెల్లుల్లి, కిరసనాయిలు ఎంత చల్లినా ఆ సందు మూసుకోదు.

సమస్య: హాల్లోనో వంటగదిలోనో కనిపించింది

ముందు వీధి తలుపు, పెరటి తలుపు కింద చిటికెన వేలు పెట్టి చూడండి. వేలు దూరితే కట్లపాము పిల్ల కూడా దూరుతుంది. ఈ ఒక్కటీ చూసుకోకుండా పాములు పట్టే మనిషిని పిలుస్తూనే ఉంటారు. తలుపు అడుగున రబ్బరు పట్టీ స్క్రూలతో బిగించాలి. అంటించే రకం నాలుగు వానలకే ఊడొస్తుంది. ఏసీ పైపు గోడలోకి వెళ్లేచోట సందుంటే సిమెంటుతో పూడ్చండి. ఫోమ్ నింపితే ఎలుకలు కొరికేస్తాయి.

సమస్య: తలుపులు బాగానే ఉన్నాయి, అయినా బాత్‌రూమ్‌లోనో వాషింగ్ మెషీన్ దగ్గరో కనిపిస్తోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. చాలా ఇళ్లలో స్నానం నీళ్లు, బట్టల నీళ్లు పోయే గొట్టం వాన కాలువలోకి తెరుచుకుని ఉంటుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకి ఆ కాలువ నిండా కప్పలే. కప్ప గొట్టంలో దూరుతుంది, దాని వెనకే పాము. లోపల తూము మీద జాలీ బిగించకుండా ఊరికే పెట్టి ఉంటే తలతో ఎత్తుకుని పైకొస్తుంది. సెలవులకి మాత్రమే వచ్చే ఇళ్లలో వాడని తూములో నీళ్లు ఎండిపోతాయి, దానికి దారి ఇంకా సులువు.

అనుమానం తీరాలంటే రాత్రి నేల పొడిగా తుడిచి, తూము చుట్టూ, తలుపుల దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లండి. పొద్దున పాము పోయినచోట పిండి మీద వంకర గీత ఒక్కటే ఉంటుంది. ఎలుకైతే చిన్న చిన్న పాదాలు, మధ్యలో తోక ఈడ్చిన గీత. ఏ తూము ఎక్కడ తేలుతుందో తెలియకపోతే బకెట్ నీళ్లలో బట్టల నీలిమందు కలిపి ఒక్కొక్క తూములో పోయించి, ఒకరు బయట కాలువ దగ్గర నిలబడి చూడండి. ఇల్లు కట్టినవాళ్లు చెప్పని గొట్టం ఒకటైనా బయటపడుతుంది.

లోపల స్క్రూలతో బిగించే స్టీలు జాలీ వేయండి, రంధ్రాలు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. బయట గొట్టం మూతికీ అలాంటి వలే వేయాలి, కానీ దాన్ని సొల్యూషన్ పెట్టి అంటించకండి. వెంట్రుకలు, సబ్బు తెట్టు పట్టి నీళ్లు ఎదురుతన్నుతాయి, అప్పుడెవరో వలకి చిల్లు పొడుస్తారు, పని మళ్లీ మొదటికొస్తుంది. ఊడదీసి కడిగేలా తొడగండి, వారానికోసారి కడగండి. లెట్రిన్ గొట్టానికి మాత్రం వల పనికిరాదు, ఒకవైపే తెరుచుకునే ఫ్లాప్ వాల్వు పెట్టించండి. సెప్టిక్ ట్యాంకు మూత పగుళ్లు, వెంట్ పైపు పైన వల కూడా అప్పుడే చూసేయండి.

సమస్య: ఇంటి చుట్టూ తరచూ తిరుగుతున్నాయి

ఎలుకలున్నాయి. కుక్క గిన్నె, పక్షులకి పోసిన గింజలు చీకటి పడకముందే తీసేయండి. కట్టెలు, కొబ్బరి మట్టలు గోడకి ఆనించకుండా అడుగెత్తున దిమ్మల మీద పేర్చండి.

చెట్టు మీంచి మేడ మీదికి రావడం అరుదు. కొమ్మలు కొట్టించండి, చాలు. పగబట్టడం లాంటిదేమీ లేదు.

సరిచేసేలోపు

పాము కనబడితే ఆ గది తలుపు మూసి, కింద తువ్వాలు కుక్కి, అటవీ శాఖకి గానీ పాములు పట్టేవాళ్లకి గానీ ఫోన్ చేయండి. చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

పిల్లల్ని నేల మీద పడుకోబెట్టకండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటుకి నొప్పి, గాటు తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం ఉంటే పాము కాటేమోనని అనుమానించండి. కోయడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం వద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కాటు పడ్డ కాలు, చెయ్యి కదల్చనీయకుండా 108లో విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. దగ్గర్లో అది ఏ ఆసుపత్రిలో ఉందో ఇప్పుడే కనుక్కుని గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో రాసిపెట్టించండి.