కుటుంబమంతా స్కేటింగ్ రింకుకు వెళ్తున్నారా? ముందు చేతుల సంగతి చూడండి

రోలర్ స్కేటింగ్ అనగానే భయమంతా కాళ్ళ మీదికే పోతుంది. చీలమండ మెలిపడుతుందేమో, మోకాలి చిప్పకు దెబ్బ తగులుతుందేమో అని ఆలోచిస్తాం. కానీ రింకులో ఎముక విరిగిందంటే అది చాలాసార్లు మణికట్టు దగ్గరే. పడబోతున్నామని తెలియగానే ఎవరూ చెప్పకుండానే చెయ్యి నేల వైపు చాచుకుంటుంది. ఒంటి బరువు, వేగం రెండూ అరచేతి మీదుగా మణికట్టులోకి దిగుతాయి. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక, మణికట్టుకు కాస్త పైన చిట్లిపోతుంది. పిల్లలకైనా, వాళ్ళను తీసుకొచ్చిన పెద్దలకైనా జరిగేది ఇదే.

కుటుంబంతో వెళ్ళినప్పుడు చేతులతో ఇంకో చిక్కు ఉంది. ప్రేమ కొద్దీ ఒకరినొకరు పట్టుకుంటారు. పిల్లవాడు తూలితే తల్లి చెయ్యి పట్టి పైకి లాగుతుంది. తండ్రి తూలితే పక్కనున్న పిల్లవాడి భుజం పట్టుకుంటాడు. మామూలు నేల మీద కాపాడే ఈ అలవాట్లే చక్రాల మీద ఇద్దరినీ పడేస్తాయి. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం చేతుల గురించే.

బయలుదేరే ముందు

రింకుకు ముందుగా ఫోను చేయండి. మీ అందరి సైజుల్లో స్కేట్లు అద్దెకు దొరుకుతాయా? హెల్మెట్లు, మణికట్టును కాపాడే రిస్ట్ గార్డులు వాళ్ళే ఇస్తారా, మనం తెచ్చుకోవాలా? కొత్తవారికి విడిగా సమయం ఉందా? చిన్నపిల్లలు పట్టుకుని కదిలే చక్రాల ఫ్రేములు ఉన్నాయా? స్కేట్లు అద్దెకిచ్చే ప్రతి రింకులోనూ రక్షణ సామగ్రి ఉంటుందని అనుకోకండి.

మొదటిసారి వెళ్ళడానికి రద్దీ తక్కువగా ఉండే సమయం ఎంచుకోండి. సెలవు రోజు సాయంత్రాలు దీపాలు తగ్గించి, రంగుల లైట్లు వేసి, పాటలు గట్టిగా పెట్టే రింకులు చాలా ఉన్నాయి. ఆ హడావిడి ఆనందంగానే ఉంటుంది కానీ, నిలబడటమే రానివారికి నేల సరిగ్గా కనిపించదు, మీరు పిల్లలను పిలిచినా వినిపించదు. కొంచెం వచ్చాక అలాంటి సమయంలో వెళ్ళవచ్చు.

బట్టలు ఒంటికి దగ్గరగా, మోకాళ్ళు సులువుగా వంగేలా ఉండాలి. చక్రాల్లో చిక్కుకునేలా వేలాడే స్కార్ఫులు, నేలను తాకే ప్యాంటు అంచులు వద్దు. చీలమండ పైదాకా వచ్చే మేజోళ్ళు తప్పనిసరి. లేకపోతే అద్దె బూటు పైఅంచు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. జేబులు ఖాళీ చేయండి. తాళాలు, పెన్నులు, ఫోను జేబులో ఉండగా తుంటి మీద పడితే నేల కంటే అవే గట్టిగా తగులుతాయి. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే తీసేయండి. వేలు వాచాక ఉంగరం తీయడం చాలా కష్టం. పిల్లల నోట్లో చూయింగ్ గమ్ కానీ మిఠాయి కానీ ఉండకూడదు. పడ్డప్పుడు అది గొంతులోకి జారుతుంది.

రిస్ట్ గార్డులు

ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే ఏది కొనాలని అడిగితే, పిల్లలకు హెల్మెట్ ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో జత రిస్ట్ గార్డులు కొనమంటాను. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఇన్‌లైన్ స్కేటింగ్‌లో (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్ల మీద) గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవారిని అందులో పరిశీలించారు. రిస్ట్ గార్డులు పెట్టుకోనివారికి మణికట్టు గాయమయ్యే అవకాశం, పెట్టుకున్నవారి కంటే సుమారు 10 రెట్లు ఎక్కువని తేలింది. మోచేతి ప్యాడ్ల విషయంలోనూ దాదాపు అంతే తేడా కనిపించింది. నాలుగు చక్రాలుండే క్వాడ్ స్కేట్ల మీద కూడా పడే తీరు అదే కాబట్టి, ఆ మాట రింకుకూ వర్తిస్తుందని నా నమ్మకం.

రిస్ట్ గార్డు అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. పడ్డప్పుడు అరచెయ్యి నేలకు అతుక్కుని ఆగిపోకుండా ఆ పలక ముందుకు జారుతుంది. మణికట్టు వెనక్కి విరుచుకుపోకుండా లోపలి బద్ద అడ్డుకుంటుంది. పలక వెనకవైపుకు వచ్చేలా తిప్పి పెట్టుకుంటే ఉపయోగం చాలావరకు పోతుంది. పిల్లలు ఆ పొరపాటు తరచుగా చేస్తారు, ఒకసారి చూడండి.

తొడుక్కునే క్రమం కూడా ముఖ్యమే. మోకాలి ప్యాడ్లు ముందు, ఆ తరవాత స్కేట్లు, మోచేతి ప్యాడ్లు, హెల్మెట్. అన్నిటికంటే చివర రిస్ట్ గార్డులు. అవి ముందే పెట్టుకుంటే లేసులు బిగించడం కుదరదు, వదులుగా కట్టేసి లేచిపోతారు. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన సమంగా కూర్చోవాలి, వెనక్కి వాలకూడదు. కొత్తవారు ఎక్కువగా వెనక్కి పడతారు. అప్పుడు తల వెనక భాగమే నేలకు తగులుతుంది.

ఇవన్నీ పిల్లలకు తొడిగి, తాము మాత్రం వట్టి చేతులతో దిగే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. దయచేసి అలా చేయకండి. పెద్దవాళ్ళు పడేది ఎక్కువ ఎత్తు నుంచి, ఎక్కువ బరువుతో. పైగా చాలా ఏళ్ళుగా పడటం అలవాటు లేని ఒళ్ళు అది.

స్కేట్ల సంగతి

ముందు రెండు, వెనక రెండు చక్రాలుండేవి క్వాడ్ స్కేట్లు. అన్ని చక్రాలూ ఒకే వరసలో ఉండేవి ఇన్‌లైన్ స్కేట్లు. క్వాడ్లలో రబ్బరు బ్రేకు బూటు ముందు భాగంలో ఉంటుంది. ఇన్‌లైన్లలో సాధారణంగా ఒక బూటు మడమ వెనక ఉంటుంది. ఒక రకం మీద నేర్చుకున్నవారు రెండోదాని మీద బ్రేకు వెతుక్కుంటూ పడిపోతారు. అందుకే కుటుంబంలో కొత్తవారందరూ ఒకే రకం తీసుకుంటే నేర్పడం సులువు.

1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ పేటెంట్ తీసుకున్న నమూనాలో, పాదం ఏ వైపు వాల్చితే చక్రాలు ఆ వైపు తిరిగే ఏర్పాటు వచ్చింది. ఈనాటి క్వాడ్ స్కేట్లూ ఆ సూత్రం మీదే తిరుగుతాయి. బూటు వదులుగా ఉంటే పాదం లోపలే వాలుతుంది, చక్రాలకు ఆ సంగతి చేరదు. 'కాస్త పెద్దదైతే హాయిగా ఉంటుంది' అనుకోకండి. మడమ పైకి లేవకూడదు, వేళ్ళు నలగకూడదు. లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించి, మిగిలిన కొసలు బూటు లోపలికి దోపేయండి. తొడిగే ముందు ప్రతి చక్రాన్నీ వేలితో తిప్పి చూడండి. ఏదైనా పట్టేసినా, బ్రేకు వదులుగా ఊగినా మొహమాటం లేకుండా ఆ జత వెనక్కిచ్చి వేరేది అడగండి.

నేల మీదకు దిగే ముందు

తివాచీ కానీ రబ్బరు పరుపు కానీ ఉన్నచోట మొదటి పది పదిహేను నిమిషాలు గడపండి. అక్కడ చక్రాలు నెమ్మదిగా దొర్లుతాయి. పాదాల మడమలు దగ్గరగా, వేళ్ళు ఎడంగా పెట్టి చిన్న చిన్న అడుగులతో నడవాలి. మోకాళ్ళు ఎప్పుడూ వంగే ఉండాలి. చేతులు నడుము ఎత్తులో, ఒంటికి ముందు ఉండాలి. చూపు పాదాల మీద కాదు, నాలుగు గజాల ముందు ఉండాలి.

పడటం కూడా అక్కడే నేర్పండి. పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు, పెద్దలే సిగ్గుపడతారు. పడబోతున్నట్టు అనిపించగానే నిటారుగా నిలబడటానికి పెనుగులాడకూడదు. మోకాళ్ళు ఇంకా వంచి, ఒంటిని నేలకు వీలైనంత దగ్గర చేసి, ఒక పక్కకు పిరుదు, తొడ మీదికి వాలాలి. చేతులు వెనక్కి చాచకూడదు, ఒంటి ముందుకు తెచ్చుకోవాలి. పడ్డ వెంటనే వేళ్ళు పిడికిలిలోకి ముడవాలి. నేల మీద పరిచి ఉన్న వేళ్ళ మీదుగా వెనకనుంచి వచ్చేవారి చక్రాలు వెళ్ళిపోతాయి. లేవాలంటే ముందు మోకాళ్ళ మీదికి రావాలి. తరవాత ఒక పాదం నేల మీద పెట్టి, రెండు చేతులూ ఆ మోకాలి మీద ఆనించి పైకి లేవాలి. ఇది పెద్దా చిన్నా అందరూ సాయం లేకుండా చేయగలిగేదాకా లోపలికి దిగకండి.

ఆగడం రెండో పాఠం. 18వ శతాబ్దంలో జోసెఫ్ మెర్లిన్ అనే ఆయన లండన్‌లో చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ ఒక వేడుకలోకి వచ్చాడట. ఆగడం తెలియక పెద్ద అద్దాన్ని ఢీకొట్టి బాగా గాయపడ్డాడని చెబుతారు. ఆయన రెండు చేతులూ వయొలిన్‌కే సరిపోయాయి. ఈ రోజుల్లో వయొలిన్ స్థానంలో ఫోను వచ్చింది. పిల్లల వీడియో తీయాలనుకుంటే రింకు చుట్టూ ఉండే గోడ బయట నిలబడి తీయండి. లోపల ఉన్నంతసేపూ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆగడానికి కొత్తవారికి సులువైన పద్ధతి: ముందుకు తోసుకోవడం మానేసి, మోకాళ్ళు వంచి, కాళ్ళు ఎడం చేసి, బొటనవేళ్ళు కొద్దిగా లోపలికి తిప్పడం. గోడను ఢీకొట్టి ఆగడాన్ని అలవాటు కానివ్వకండి.

పిల్లల్ని పట్టుకునే పద్ధతి

ఇక్కడ నేను కాస్త కఠినంగానే చెబుతాను. స్కేటింగ్ బాగా రానివారు చక్రాల మీద ఉండి పిల్లల్ని పట్టుకోకూడదు. మీరు పడితే మీ బరువు ఆ చిన్న చేతి మీదో కాలి మీదో పడుతుంది. పిల్లల్ని ఎత్తుకుని స్కేట్ చేయడం, కాళ్ళ మధ్య నిలబెట్టుకుని తోయడం ఎంత బాగా వచ్చినవారికైనా తగదు. మీకు రాకపోతే మామూలు బూట్లతో గోడ బయటి నుంచి వెంట నడవండి. రింకువారు అనుమతిస్తే లోపల పక్కన నడవండి. పిల్లవాడికి చక్రాల ఫ్రేము ఇప్పించండి.

మీకు బాగా వచ్చి పక్కన ఉండగలిగితే, పిల్లవాడి చెయ్యి మీరు పట్టుకోకండి. మీ చెయ్యి చాచి, వాడిని పట్టుకోనివ్వండి. పడేటప్పుడు వాడు వదిలేస్తాడు, ఒళ్ళు సహజంగా కిందికి వాలుతుంది. మీరు గట్టిగా పట్టి ఉంచితే వాడు ఆ చేతికే వేలాడతాడు. నాలుగైదేళ్ళ లోపు పిల్లల చెయ్యి అలా గుంజితే, మోచేతి దగ్గర రేడియస్ ఎముక తల దాన్ని పట్టి ఉంచే పట్టీ నుంచి కొంత జారిపోవచ్చు. అప్పుడు పిల్లవాడు చెయ్యి కదల్చకుండా పక్కకు వేలాడేసుకుని ఏడుస్తాడు. డాక్టరు క్షణాల్లో సరిచేయగలరు కానీ, ఇంట్లో ప్రయత్నించేది కాదు.

కుటుంబమంతా చేతులు కలిపి గొలుసులా వెళ్ళాలని ముచ్చటపడతారు. వద్దు. చివరన ఉన్నవారు మలుపులో విసిరేసినట్టు పోతారు. ఎక్కువగా అక్కడ ఉండేది చిన్నపిల్లలే.

మిగతా నియమాలు సులువే. అందరూ ఏ దిశలో తిరుగుతుంటే మీరూ ఆ దిశలోనే తిరగండి. సిబ్బంది విజిల్ వేస్తే ఆగండి. అడ్డంగా దాటకండి. పడ్డవారిని లేపడానికి గుంపు కట్టకండి.

ఎవరు దిగకూడదు, ఎప్పుడు ఆపాలి

గర్భిణులు, ఎముకలు పెళుసైనవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు బయట కూర్చుని చూడటమే మంచిది. మెరిసే లైట్లకు మూర్ఛ వచ్చే తత్వం ఉన్నవారు ఆ లైట్లు వేసే సమయంలో లోపలికి రాకూడదు. ఈ మాట రింకువారితో ముందే చెప్పండి.

అలసట సంగతి పిల్లలు చెప్పరు. అరగంటకోసారి బయటికి పిలిచి నీళ్ళు తాగించండి. మోకాళ్ళు వంచకుండా బిగుసుకుని తిరుగుతున్నా, మాటిమాటికీ పడుతున్నా ఆ రోజుకు చాలు. 'చివరిగా ఒక్క చుట్టు' అని అడిగితే ఒప్పుకోకండి. ఒళ్ళు అలిసిపోయి, మనసు తనివితీరని ఆ చుట్టులోనే దెబ్బలు తగులుతాయి.

దెబ్బ తగిలితే

ముందుగా, పడ్డ మనిషిని చెయ్యి పట్టి లేపకండి. మెడ నొప్పి అంటే అసలు కదపకండి, సిబ్బందిని పిలవండి. తలకు దెబ్బ తగిలితే ఎంత బాగున్నా ఆ రోజు మళ్ళీ స్కేట్లు తొడగకూడదు. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తుగా ఉండటం, అడిగిందే అడగడం, నడకలో తూలడం, ఫిట్స్, రెండు కంటిపాపలు సమానంగా లేకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మణికట్టుకు తగిలితే వాచీ, గాజులు వెంటనే తీసేయండి. ఆకారం మారి ఉంటే సరిచేయబోకండి. మడిచిన పత్రికో అట్టముక్కో కింద పెట్టి, ఉన్నది ఉన్నట్టు కట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టి, చెయ్యి గుండె కంటే ఎత్తుగా ఉంచండి. ఎముక సరిచేయడానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు, అందుకే డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి. 'వేళ్ళు కదులుతున్నాయి, విరగలేదు' అని సర్దిచెప్పుకోకండి. పిల్లల ఎముకలు పచ్చికొమ్మలా పూర్తిగా తెగకుండా వంగి చిట్లుతాయి, వాపు కూడా పెద్దగా ఉండదు. మర్నాటికీ ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే, ఆ చేతితో వస్తువు పట్టుకోవడం మానేస్తే ఎక్స్‌రే తీయించండి.

టీనేజీ పిల్లలకు, పెద్దలకు ఇంకొక పరీక్ష ఉంది. బొటనవేలు పైకి చాస్తే దాని మొదట్లో రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. అది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. దానికి రక్తం అందేది తక్కువ కాబట్టి, పట్టించుకోకపోతే అతుక్కోకుండా మిగిలిపోతుంది. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి అక్కడే ఉందని డాక్టరుకు గుర్తుచేయండి. చేతికి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరవాత మళ్ళీ తీయమంటే తప్పకుండా వెళ్ళండి.