తెల్ల టైల్స్ మీద రంగుల జంపఖానా
బెజవాడ ఎండల్లో హాలంతా ఉన్ని తివాచీ పరిస్తే కాళ్లు ఉడికిపోతాయి. ఏలూరు తివాచీ అందమే వేరు, కాదనను. దాన్ని చలికాలానికి దాచుకోండి. మిగతా నెలల్లో పలచటి నూలు జంపఖానా చాలు. కొనేముందు తడిపిన తెల్ల రుమాలుతో ఎరుపు, నీలం ఉన్న చోట గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటిందా, ఎంత తగ్గించి ఇస్తానన్నా వదిలేయండి. టైల్స్ సందుల్లో పట్టిన రంగు ఓ పట్టాన పోదు. సోఫా ముందు కాళ్లు జంపఖానా అంచు మీదకి వచ్చేలా పరిస్తే అంతగా జారదు. గోడలకి ఇప్పటికే రంగులు ఎక్కువైతే ఒక్కటే పరవండి, రెండోది పెడితే హాలు బట్టల షాపులా ఉంటుంది. ఉతికాక తిరగేసి నీడలోనే ఆరేయండి. మన ఎండకి రంగు ఇట్టే వెలిసిపోతుంది.