నెలనెలా మందుల బిల్లు బీమాలో రావడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా వెతకండి

రాజోలు వైపు మాకు మందుల కొట్టు ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో బీపీ, షుగరు, థైరాయిడ్, కిడ్నీ, కీళ్ళవాతం మందులకు అవే ముఖాలు వస్తాయి. బిల్లు చేతికి ఇవ్వగానే ఇప్పుడు చాలామంది అడిగేది ఒకటే: "ఏవండీ, మా అబ్బాయి ఇన్సూరెన్స్ కట్టాడు కదా, ఈ డబ్బులు వస్తాయా?" అబ్బాయి కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉంటాడు. పాలసీ అతని ఫోనులో ఉంటుంది. మందుల చీటీ ఇక్కడ అమ్మ బీరువాలో ఉంటుంది. ఆ రెండూ ఒకచోటికి చేరకపోవడమే సగం గొడవ. మా అమ్మకి కీళ్ళవాతం. ఆవిడ క్లెయిములు నేనే చూసుకుంటాను, రెండుసార్లు కొట్టేస్తే రెండుసార్లూ తిరిగి రాబట్టాను. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక కాగితం సంపాదించండి. "కుదరదన్నారండి" అని నోటిమాట పట్టుకుని వచ్చేస్తారు చాలామంది. దానితో ఏమీ తేలదు. క్లెయిము ఎందుకు కొట్టేశారో, పాలసీలో ఏ షరతు కింద కొట్టేశారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కంపెనీలో సమీక్షా కమిటీ చూడకుండా క్లెయిమును తిరస్కరించకూడదు కూడా. ఆ ఉత్తరం మెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. అందులో ఏ షరతు రాశారో చూసి, కింద మీకు సరిపోయే చోటికి వెళ్ళండి.

"రోజూ వేసుకునే మాత్రలకి పైసా ఇవ్వలేదు"

ఇది కంపెనీ చేసిన మోసం కాదు. మన దగ్గర అమ్మే పాలసీల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చుకే. డాక్టరుకి చూపించుకుని, చీటీ రాయించుకుని, కొట్లో కొనుక్కునే మందులను ఓపీ ఖర్చు అంటారు. పాలసీలో ఓపీడీ కవరు విడిగా రాసి ఉంటే తప్ప అది రాదు. అమ్మేటప్పుడు ఏజెంటు "అన్నీ వస్తాయండి" అంటాడు, అక్కడే పొరపాటు మొదలవుతుంది.

ఓపీడీ కవరు కలుపుకోవచ్చు. కలుపుకునే ముందు దానికి కట్టే అదనపు ప్రీమియాన్నీ, ఏడాదికి ఇచ్చే పరిమితినీ పక్కపక్కన పెట్టి చూడండి. 5,000 రూపాయల మందుల కోసం 4,000 అదనంగా కట్టమంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. డాక్టరు ఫీజు మాత్రమే ఇస్తారా, మందులు కూడా ఇస్తారా, ఏ కొట్లో కొన్నా చెల్లుతుందా అన్నవి పాలసీ పత్రంలో చదివి తేల్చుకోవాల్సిన మూడు సంగతులు.

మీ ఇంట్లో ఎవరైనా రొయ్యల ప్లాంటులోనో, రైసు మిల్లులోనో, షోరూములోనో పనిచేస్తూ నెలకి 21,000 లోపు జీతం తీసుకుంటుంటే, జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే బీమా) కోత ఉందేమో చూడండి. ఉద్యోగి వాటా 0.75 శాతమే. ఈఎస్ఐలో నెలనెలా వేసుకునే మందులు కూడా డిస్పెన్సరీలో ఇస్తారు. జీతం మీద ఆధారపడిన అమ్మానాన్నలకీ వర్తిస్తుంది. వేలకు వేలు పెట్టి ప్రైవేటు పాలసీ కొని, ఈఎస్ఐ కార్డు ట్రంకుపెట్టెలో పడేసిన ఇళ్ళు నాకు తెలుసు.

"ఆస్పత్రి బిల్లు ఇచ్చారు, ఇంటికొచ్చాక కొన్న మందులకి ఇవ్వలేదు"

ఈ డబ్బు మీకు రావలసిందే. చాలా పాలసీల్లో చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి అయ్యాక 60 రోజుల ఖర్చు ఉంటుంది. కొన్నింటిలో ఇంకా ఎక్కువ. షరతు ఒకటే: ఏ జబ్బుకి చేరారో ఆ జబ్బు మందులే అయి ఉండాలి. గుండెకి స్టెంటు వేయించుకుంటే రక్తం పలచబడే మాత్రలు వస్తాయి, పాత మోకాళ్ళ నొప్పుల మాత్రలు రావు.

మరి ఎందుకు ఆగుతుంది? నా కొట్టు కౌంటరు మీద రోజూ కనిపించే కారణాలు ఇవి.

బిల్లు బదులు తెల్లకాగితం మీద రాసిన లెక్క తీసుకెళ్ళడం ఒకటి. క్లెయిముకి బిల్లు నంబరు, తేదీ, రోగి పేరు, డాక్టరు పేరు, మందు బ్యాచి నంబరు, కొట్టు లైసెన్సు నంబరు ఉన్న అసలు క్యాష్ బిల్లు కావాలి. "బిల్లు కావాలండీ" అని అడగడానికి మొహమాటపడకండి. ఇవ్వడం మా బాధ్యత.

రెండోది పేరు. మన గోదావరి జిల్లాల పేర్లు ఎంత పొడుగో మీకు తెలుసు. ఆధార్‌లో వీర వెంకట సత్యనారాయణ, పాలసీలో వి.వి.ఎస్. నారాయణ, ఆస్పత్రిలో ఇంటిపేరుతో సహా సత్యనారాయణ, మందుల బిల్లు మీద 'సత్తిబాబు'! కంపెనీలో కూర్చున్న మనిషికి వీళ్ళు నలుగురు. పాలసీలో పేరు ఎలా ఉందో చిన్న చీటీ మీద రాసి ఆధార్ కార్డు వెనకాల పెట్టుకోండి, చేరేటప్పుడూ మందులు కొనేటప్పుడూ అదే చూపించండి. ఆన్‌లైన్లో మందులు తెప్పిస్తే బిల్లు కొడుకు పేరు మీద వస్తుంది. ఆర్డరు పెట్టేటప్పుడే రోగి పేరు మార్చాలి.

మూడోది చీటీ. డిశ్చార్జి సమ్మరీలో నెలకి రాసిన మందు రెండో నెల కూడా కొంటే, మళ్ళీ చూపించుకున్నప్పుడు రాసిన చీటీ జత చేయాలి. ఊళ్ళో ఆర్.ఎం.పి. రాసిన చీటీ ఎంత మంచిదైనా చెల్లదు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరుదే చెల్లుతుంది. డాక్టరు ఒక బ్రాండు రాస్తే కొట్లో అదే మందు వేరే కంపెనీది ఇస్తాం. పేరు కలవలేదని కంపెనీ నుంచి ప్రశ్న వస్తుంది. మందు అసలు పేరు కూడా రాయమని డాక్టరుగారిని అడిగితే ఆ గొడవ ఉండదు.

ఇక గడువు. ఆరోగ్య సంజీవని (అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మేది) లాంటి పాలసీల్లో ఆస్పత్రి ఖర్చు కాగితాలు డిశ్చార్జి అయిన 30 రోజుల్లో ఇవ్వాలి. తర్వాతి మందుల బిల్లులు ఆ చికిత్సా కాలం ముగిసిన 15 రోజుల్లో విడిగా పంపాలి. అంటే క్లెయిము రెండుసార్లు వేయాలన్నమాట. మొదటి డబ్బు పడగానే పనైపోయిందనుకుని రెండోది మరచిపోతారు. 60 రోజుల మందుల డబ్బు అలా వదిలేసుకున్నవాళ్ళే ఎక్కువ.

లంక ఊళ్ళవాళ్ళకి ఇంకో మాట. 2022 జూలై వరదకి బట్టలతో పాటు ఫైళ్ళు కూడా తడిసి ముద్దయ్యాయి. బిల్లు తీసుకున్న రోజే ఫోటో తీసి పిల్లలకి వాట్సాప్ చేసేయండి. అసలు కాగితం పోయినా, ఆ ఫోటోలో బిల్లు నంబరు చూసి మేం కొట్టు ముద్రతో డూప్లికేటు ఇవ్వగలం. ఆస్పత్రివాళ్ళూ ఇస్తారు. నంబరు తెలియకపోతే వెతకడమే కష్టం.

"ఇది పాలసీకి ముందు నుంచీ ఉన్న జబ్బు అన్నారు"

దీర్ఘవ్యాధి ఉన్నవాళ్ళకి అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే. ఇందులో మూడు రకాలున్నాయి, దేని విరుగుడు దానిదే.

మొదటిది, జబ్బు చెప్పే పాలసీ తీసుకున్నారు కానీ వెయిటింగ్ పీరియడ్, అంటే పాత జబ్బుకి డబ్బు ఇవ్వకుండా ఆపే మొదటి కాలం, ఇంకా అవ్వలేదు. 2024 ఏప్రిల్ నుంచి ఈ గడువు గరిష్ఠంగా మూడేళ్ళు, అంతకుముందు నాలుగేళ్ళు ఉండేది. ఇక్కడ చేయగలిగింది ఆగడమే. ఆ మూడేళ్ళూ రెన్యువల్ తప్పకూడదు. పంట డబ్బులు రాలేదని ప్రీమియం ఆలస్యం చేసి గ్రేసు రోజులు (కట్టాల్సిన తేదీ దాటాక ఇచ్చే వెసులుబాటు) కూడా దాటిపోతే గడువు మళ్ళీ మొదటికొస్తుంది. కంపెనీ నచ్చకపోతే పాలసీ ఆపేయకుండా పోర్టు చేసుకోండి, అంటే వేరే కంపెనీకి మార్చుకోండి, అప్పటికి గడిచిన కాలం కొత్త కంపెనీలో కలుస్తుంది. రెన్యువల్‌కి నెలన్నర ముందే ఆ పని మొదలుపెట్టండి.

రెండోది, జబ్బు చెప్పకుండా తీసుకున్నారు. అబ్బాయి దూరం నుంచి ఆన్‌లైన్లో ఫారం నింపుతూ "అమ్మకి ఏమీ లేదు" అని నొక్కేస్తాడు. చెడ్డ ఉద్దేశం ఉండదు, అమ్మే అతనికి చెప్పి ఉండదు. ఇంకా క్లెయిము వేయకపోతే ఇవాళే కంపెనీకి మెయిల్ పెట్టి జబ్బు, మందుల పేర్లు తెలియజేయండి. ప్రీమియం పెంచవచ్చు, గడువు పెట్టవచ్చు. ఆపరేషన్ బల్ల మీద ఉండగా బయటపడడం కంటే అది నయం. పాలసీ కొత్తదైతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేసి, సరైన వివరాలతో వేరేది తీసుకోవచ్చు. పాలసీ ఎక్కడా తెగకుండా అయిదేళ్ళు నిండితే, మోసం రుజువు చేస్తే తప్ప జబ్బు దాచారన్న కారణంతో క్లెయిము కొట్టేయడానికి వీల్లేదు.

మూడోదే మనసుకి కష్టమైనది. దాచలేదు, జబ్బు నిజంగా పాలసీ తీసుకున్నాకే వచ్చింది, అయినా కొట్టేశారు. కారణం కేస్ షీటులో ఉంటుంది. అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తాం. డ్యూటీ డాక్టరు "షుగరు ఎన్నాళ్ళ నుంచి?" అంటే, పక్కనున్న మరిది కంగారులో "చాలా ఏళ్ళయిందండి, పదేళ్ళుంటుంది" అంటాడు. ఆ మాట "షుగరు – 10 ఏళ్ళు" అని కాగితం మీద పడుతుంది. పాలసీ వయసు అయిదేళ్ళు నిండలేదు, దానితో కథ అయిపోతుంది. మా అమ్మ మొదటి క్లెయిము సరిగ్గా ఇలాగే పోయింది. ఆ మాట అన్నది మా బాబాయి, ఇప్పటికీ బాధపడతాడు.

దీనికి విరుగుడు మొదటి రిపోర్టు. జబ్బు మొదట బయటపడిన రోజు పరీక్ష కాగితం, ఆనాటి చీటీ, అంతకుముందు మామూలుగా వచ్చిన పరీక్ష ఏదైనా ఉంటే అదీ. ఇవి తీసుకుని చికిత్స చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి, జబ్బు ఫలానా తేదీన మొదట గుర్తించారని, కేస్ షీటులో రాసినది పక్కనున్నవాళ్ళు చెప్పిన అంచనా అని సర్టిఫికెట్ రాయించుకోండి. కేస్ షీటు దిద్దించే ప్రయత్నం మాత్రం చేయకండి, అది మోసం కింద పడుతుంది. ల్యాబుల్లో పాత రిపోర్టులు కంప్యూటరులో ఉంటాయి, అడిగితే తీసి ఇస్తారు. మాకు అమలాపురం ల్యాబులో దొరికింది. ఆ ఒక్క కాగితంతోనే క్లెయిము తిరిగి తెరిచారు.

"ఇంజెక్షనుకి ఒక్కపూటే ఉన్నాం, 24 గంటలు లేదన్నారు"

కీళ్ళవాతానికి రిటుక్సిమాబ్ లాంటి మందు సెలైన్‌లో కలిపి గంటల తరబడి ఎక్కిస్తారు. సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. కంపెనీ దాన్ని ఓపీ అంటుంది, అమ్మ రెండో క్లెయిముకి అదే అన్నారు. అయితే ఐఆర్‌డీఏఐ పేర్కొన్న ఆధునిక చికిత్సల జాబితాలో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు (రిటుక్సిమాబ్ ఆ రకమే), నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ, కంటిలోకి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. మీ పాలసీలో ఆ భాగం చూడండి. కొన్ని పాలసీల్లో బీమా మొత్తంలో సగం వరకే అని పరిమితి ఉంటుంది.

తిరస్కరణకి జవాబుగా డాక్టరు ఉత్తరం జత చేశాం: ఇది ఇంట్లో ఇచ్చే మందు కాదు, ఎక్కించేటప్పుడు రియాక్షన్ రావచ్చు, మంచం మీద ఉంచి బీపీ చూస్తూ ఇవ్వాలి అని. తర్వాతి డోసులకి ముందే అనుమతి తీసుకున్నాం. ఖరీదైన మందు ఎక్కించుకుని తర్వాత పోట్లాడే కన్నా, రెండు మూడు రోజుల ముందు అనుమతికి పంపడం మేలు. డయాలసిస్, కీమో చాలా పాలసీల్లో డే కేర్ (ఒక్కపూటలో అయిపోయే చికిత్స) కిందే ఉంటాయి, వాటికి 24 గంటల మాట రాకూడదు.

"గది అద్దె ఎక్కువని మందుల బిల్లు కూడా కోసేశారు"

అర్హతకి మించిన గది తీసుకుంటే డాక్టరు ఫీజు, నర్సింగు వంటివి ఆ నిష్పత్తిలో తగ్గిస్తారు. మందులు, పరీక్షలు, స్టెంటు లాంటి పరికరాలు మాత్రం ఆ కోతలోకి రావు. సెటిల్‌మెంటు కాగితంలో ఒక్కో పద్దూ చూసి, మందుల పద్దులో కోత ఉంటే రాసి అడగండి.

"ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది, అయినా మందులు బయట కొనమంటున్నారు"

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స నగదు లేకుండా జరగాలి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో (పథకంలో చేరిన ఆస్పత్రి) ఆరోగ్యమిత్ర అనే పథకం సహాయకులు ఉంటారు. మీ ప్యాకేజీలో ఏ మందులున్నాయో ముందు వాళ్ళనే అడగండి, అక్కడ తేలకపోతే 104కి ఫోను చేయండి. కొన్ని చికిత్సలకి డిశ్చార్జి తర్వాత ఏడాది పాటు పరీక్షలు, మందులతో ఫాలో-అప్ ప్యాకేజీ ఉంది. మీకు వర్తిస్తుందేమో డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోండి, ఇంటికొచ్చాక తెలిసినవాళ్ళు ఫెర్రీ దాటి మళ్ళీ కాకినాడ వెళ్ళాల్సి వస్తోంది. 70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ కింద వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజుల వరకే.

"ఎన్ని మెయిళ్ళు పెట్టినా కదలడం లేదు"

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, నంబరు తీసుకోండి. అదే ఫిర్యాదు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో పెట్టవచ్చు, లేదా 155255కి ఫోను చేయవచ్చు. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (మనకీ కంపెనీకీ మధ్య తగువు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్ళవచ్చు. మనకి హైదరాబాదు కార్యాలయం, యానాం వాళ్ళకీ అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి. తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. ఫిర్యాదులో కోపం, శాపనార్థాలు వద్దు. తేదీలు, షరతు నంబరు, మీ దగ్గరున్న కాగితం పేరు, అంతే రాయండి.

ఈలోపు మందు ఆగకూడదు

క్లెయిము తేలేలోగా మాత్రలు మానేసినవాళ్ళని చూశాను, ఒకాయన పక్షవాతంతో పడిపోయాడు. బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీలోనూ, ఊరికొచ్చే 104 బండి దగ్గరా ఉచితంగా ఇస్తారు. జన ఔషధి కేంద్రాల్లో అదే మందు బ్రాండు ధరలో సగానికీ అంతకన్నా తక్కువకీ దొరుకుతుంది. నా వ్యాపారానికి నష్టమే అయినా నేనే పంపిస్తుంటాను. బీమా లేని 60 ఏళ్ళు దాటిన తల్లిదండ్రుల మందుల ఖర్చుని, పాత పన్ను విధానంలో ఉన్న పిల్లలు ఏడాదికి 50,000 వరకు మినహాయింపుగా చూపించుకోవచ్చు. నగదుగా కాకుండా ఫోన్‌పే లాంటి వాటితో కట్టాలి, బిల్లులు దాచాలి.

కిడ్నీ మార్పిడి మందులు, ఫిట్స్ మందులు మాత్రం చవకగా దొరికాయని మీ అంతట మీరు బ్రాండు మార్చకండి. ఆ స్ట్రిప్పు తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించి, సరేనంటేనే కొనండి.