టిప్పర్ క్రౌన్-పినియన్ మార్చేటప్పుడు: సెట్టు కొనడం, ప్లే పెట్టడం

చీమకుర్తి క్వారీ గుంతలోంచి గ్రానైట్ బ్లాకుతో ఎక్కే టిప్పర్‌కు డిఫరెన్షియల్ (ఇంజిన్ తిప్పుడును వెనక రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) పోతే యజమాని ముందు అడిగేది క్రౌన్-పినియన్ సెట్టు రేటే. క్రౌన్ అంటే అందులోని పెద్ద పళ్ళ చక్రం, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్న గేరు. దానికన్నా ముందు, పాతది ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. ఆ కారణం అలాగే ఉంటే కొత్త సెట్టూ అదే దారి పడుతుంది.

విప్పకముందే శబ్దం సగం చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూత పెట్టి, వదలగానే మాయమైతే క్రౌన్-పినియన్ పళ్ళ తాకిడి సరిగా లేదు. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటూ వేగంతో పెరిగితే బేరింగు. మలుపులో మాత్రమే టకటకమంటే లోపలి స్టార్ పినియన్లు, అంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే చిన్న గేర్లు. క్లచ్ వదలగానే ఒక్క దెబ్బలా ధన్‌మంటే వెంటనే హౌసింగ్ విప్పకండి. ముందు గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్ జాయింట్ క్రాసులు, స్ప్లైన్లు (షాఫ్ట్ మీది గాడులు) చేత్తో ఊపి చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

విప్పాక విరిగిన ముక్కల్ని పారేయకుండా తుడిచి వెలుతురులో చూడండి. పన్ను ఒక్కసారిగా విరిగితే ఆ ముఖం అంతా ఒకేలా గరుగ్గా ఉంటుంది. అది దెబ్బ బరువు: లోడుతో ఎత్తెక్కేటప్పుడు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలారన్నమాట. విరిగిన ముఖం మీద వంపు గీతలు వరసగా కనిపిస్తే పగులు చాన్నాళ్ళ కింద మొదలై మెల్లగా పెరిగింది, అంటే రోజూ అధిక లోడు. గెలాక్సీ రాయి (చీమకుర్తి నల్ల గ్రానైట్) ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. బాడీ సగం ఖాళీగా కనిపించినంత మాత్రాన బరువు తక్కువని అనుకోవద్దు.

స్టార్ పినియన్లు తిరిగే ఇరుసు, అంటే స్పైడర్ క్రాస్, నీలంగా కాలి, దాని మీద లోహం అంటుకుపోయి ఉంటే ఒక పక్క చక్రం ఊరికే గిరగిరా తిరిగింది. పెన్న ఇసుకలో ఒక చక్రం కూరుకుపోయి ఆగితే, ఎదుటి చక్రం మామూలు కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఆ వేగమంతా స్టార్ పినియన్లకూ క్రాస్‌కూ మధ్య రాపిడిగా మారుతుంది, నూనె అక్కడ నిలవదు. డిఫరెన్షియల్ లాక్ ఉన్న బండిలో ఇసుకలోకి దిగకముందే, చక్రం జారకముందే లాక్ వేయాలి. జారుతుండగా వేస్తే లాక్ పళ్ళే విరుగుతాయి. గట్టి రోడ్డెక్కగానే తీసేయాలి.

నూనె పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు చేరాయి. కాలువ, వాగు దాటే బండ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో ఇది తరచు కనిపిస్తుంది. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైన ఉన్న బ్రీదర్ (గాలి వచ్చిపోయే రంధ్రం) మూసుకుపోయి ఉంటే సీళ్ళ పక్క నుంచి నీటిని లాక్కుంటుంది. మామూలు రోడ్డు మీద అదే బ్రీదర్ వల్ల ఎదురు నష్టం: లోపల ఒత్తిడి పెరిగి నూనె హబ్ సీలు దాటి బ్రేక్ లైనర్ల మీదికి వస్తుంది. క్వారీ దుమ్ములో తిరిగే బండికి బ్రీదర్‌ను నెలకోసారైనా విప్పి డీజిల్‌తో కడిగి, ఊది చూడాలి. ఖర్చు లేని పని, అయినా దాదాపు అందరూ వదిలేసేది ఇదే.

ఇక కొనడం. బానెట్ మీద పేరు చూసి కాదు, యాక్సిల్ మీది ప్లేటు చూసి కొనాలి. లోకమంతటా యాక్సిళ్ళ వ్యాపారం కొద్ది కంపెనీల చేతిలో ఉంది: అమెరికాలో డానా, అమెరికన్ యాక్సిల్, జర్మనీలో జెడ్‌ఎఫ్. మెరిటార్‌ను 2022లో కమిన్స్ కొన్నది. మన దగ్గర మైసూరులోని ఆటోమోటివ్ యాక్సిల్స్ కల్యాణి గ్రూపు, మెరిటార్ కలిసి పెట్టిన సంస్థ. సోనా కామ్‌స్టార్ డిఫరెన్షియల్ గేర్లు చేసి విదేశాలకూ పంపుతుంది. అందువల్ల ఒకే పేరున్న బండికి మోడల్ మారితే వేరే యాక్సిల్ ఉండవచ్చు. ప్లేటు నంబరు, పాత సెట్టు పళ్ళ లెక్క రెండూ రాసుకుని నెల్లూరు ఆటోనగర్‌కో ఒంగోలుకో వెళ్ళండి.

పళ్ళ లెక్కను 6/41 అని చెక్కి ఉంటారు. పినియన్‌కు 6, క్రౌన్‌కు 41, నిష్పత్తి 6.83. వెనక రెండు యాక్సిళ్ళూ తిప్పే బండికి రెండింటిలో ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకదాంట్లో 6/41, ఇంకోదాంట్లో 6/37 పడితే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. టైర్ల అరుగుదల కూడా అంతే: ఒక యాక్సిల్‌కు కొత్తవి, ఇంకోదానికి బోడివి వేస్తే మధ్య డిఫరెన్షియల్‌కు తిన్న రోడ్డు మీద కూడా తీరిక ఉండదు.

క్రౌన్, పినియన్ జంటగా రాపిడి చేసి తయారవుతాయి. రెండింటి మీదా ఒకే సెట్టు నంబరు ఉండాలి. లేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు, పినియన్ ఒక్కటే మార్చే ఆలోచన అసలే వద్దు. పన్ను పక్కన, తాకిడి లేని చోట మెత్తగా ఆకురాయి గీసి చూడండి: సరిగా గట్టిపరిచిన ఉక్కు మీద అది జారిపోతుంది, కొరికితే సరుకు వెనక్కి ఇవ్వండి. బిల్లు తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఇంకా 28 శాతం వేస్తే అడగండి.

బిగింపులో మొదటి పని శుభ్రత. హౌసింగ్‌లో మిగిలిన ఒక్క ఇనుప రజను చాలు కొత్త బేరింగును గీరడానికి. క్రౌన్‌ను కేస్ మీదికి సుత్తితో కొట్టి ఎక్కించవద్దు. 70 నుంచి 80 డిగ్రీల వేడినీళ్ళలో 10, 15 నిమిషాలు ఉంచితే చేత్తోనే కూర్చుంటుంది. తడి తుడిచి, కొత్త బోల్టులతో ఎదురెదురుగా బిగించాలి. తర్వాత డయల్ గేజితో (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) క్రౌన్ వెనక ముఖం ఊగు చూడండి. 0.20 మి.మీ. దాటితే కేస్‌కూ క్రౌన్‌కూ మధ్య చెత్తో, గాటో ఉంది.

పినియన్ బేరింగ్ బిగువును చేతి అంచనాకు వదలవద్దు. ఫ్లాంజ్‌కు తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగండి. తిరగడం మొదలైనప్పటి రీడింగు కాదు, నిలకడగా తిరిగేటప్పటిది తీసుకోవాలి. లాగిన కిలోలను ఫ్లాంజ్ వ్యాసార్ధంతో గుణించాలి: 10 సెం.మీ. దగ్గర 2 కిలోలంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. ఎంత ఉండాలో మీ యాక్సిల్ మాన్యువల్ చెబుతుంది. వదులైతే పినియన్ లోడులో వెనక్కి జరిగి పళ్ళ తాకిడి చెడుతుంది, బిగువైతే బేరింగు కాలుతుంది.

పినియన్ లోతుకు పాత సిమ్ముల (సర్దుబాటుకు వేసే పలచటి రేకుల) మందాన్ని మైక్రోమీటరుతో కొలిచి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ప్లే, అంటే రెండు గేర్ల పళ్ళ మధ్య ఖాళీ, కొలవడానికి డయల్ గేజి ముల్లును క్రౌన్ పన్ను మీద నిటారుగా ఆనించి, పినియన్‌ను కదలకుండా పట్టుకుని క్రౌన్‌ను ముందుకూ వెనక్కూ ఊపాలి. మెరిటార్ రకం బరువు యాక్సిళ్ళలో, క్రౌన్ పిచ్ వ్యాసం 432 మి.మీ. లోపు ఉంటే, 0.20 నుంచి 0.46 మి.మీ. వరకు చెల్లుతుంది, కొత్త సెట్టుకు 0.30 మి.మీ. పెట్టాలి. మూడు చోట్ల చూడండి. క్రౌన్‌కు రెండు వైపులా బేరింగులను బిగించే పక్క నట్లలో ఒకదాన్ని ఎంత వదిలితే రెండోదాన్ని అంతే బిగించాలి, లేకపోతే బేరింగు బిగువు మారిపోతుంది.

చివరి తీర్పు రంగుది. డజను పళ్ళకు మార్కింగ్ బ్లూ (పళ్ళు తాకిన చోటు చూపే రంగు) పలచగా పూసి, క్రౌన్‌ను కట్టెతో కొంచెం అదిమి, పినియన్‌ను తిప్పండి. మచ్చ పంటి కొనకు, మొదలుకు మధ్యలో, లోపలి చివర వైపు కాస్త జరిగి ఉండాలి. లోడు పడితే అది బయటికి వ్యాపిస్తుంది. మచ్చ పంటి కొన మీద పడితే పినియన్ దూరంగా ఉంది, దగ్గరికి తేవాలి. పంటి మొదట్లో పడితే మరీ లోతుగా ఉంది, వెనక్కి జరపాలి. బయటి చివరకు పోతే ప్లే తగ్గించాలి, మరీ లోపలికి పోతే పెంచాలి. సిమ్ము మార్చిన ప్రతిసారీ ప్లే మళ్ళీ కొలవాలి. ఇక్కడ తొందరపడితే ఆ రోజు మిగిలిన గంట తర్వాత సెట్టంత ఖర్చవుతుంది.

నూనె జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 లేదా 85డబ్ల్యూ-140, మాన్యువల్ చెప్పినది. బండి సమతలంగా ఉన్నప్పుడు నింపే రంధ్రం కింది అంచు దాకా పోయాలి. అదే నూనెను గేర్‌బాక్సుకు కూడా వాడకండి. జీఎల్-4 అడిగే గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగుల్ని ఇది తినే ప్రమాదం ఉంది.

మొదటి ట్రిప్పులు తక్కువ లోడుతో, 15, 20 కిలోమీటర్లకోసారి ఆగి హౌసింగ్ చల్లారనిచ్చి నడపండి. 800 నుంచి 1000 కిలోమీటర్ల దగ్గర నూనె మార్చి డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే ఫరవాలేదు. వేళ్ళ మధ్య నలిపితే గోటికి తగిలే రేకులు దొరికితే లోడు వేయకుండా షెడ్డుకు తెచ్చి మళ్ళీ విప్పాలి.